బాలలకు భూమి కొలత – ఊరుమ్మడి నేలకు కాపుదల

భూమి లేని పల్లె లేదు. భూమి హద్దును గూర్చి మాట పట్టింపు లేని పల్లెయు అరుదు. గట్టు మీద మొదలైన మాట గ్రామసభ దాకా, అక్కడినుండి న్యాయస్థానము దాకా పోవుట పంచాయతీ సభ్యులందరు ఎరిగినదే. ఇట్టి తగవులలో ఇరుపక్షములవారును గట్టిగా చెప్పునది ఒక్కటే: ‘మా కొలత ప్రకారము సరిగానే ఉన్నది’ అని. ఆ కొలత ఎట్లు తీయబడినది, ఆ లెక్క ఎట్లు కట్టబడినది అని అడిగినచో మాత్రము సమాధానము చెప్పగలవారు కొద్దిమందియే.

పూర్వము ఊరి నేల లెక్క కరణము గారి దస్త్రములోను, ఆయన తలలోను ఉండెడిది. 1984లో గ్రామాధికారుల పాతవ్యవస్థ రద్దయినది. దస్త్రములు కార్యాలయములకు చేరినవి. తరువాత యంత్రములలోనికి ఎక్కినవి. కాని నేలను చూచి, కొలిచి, లెక్క కట్టి ‘ఇది ఇంత’ అని చెప్పగల నేర్పు ఊరిలో పెరుగలేదు. ఆ నేర్పును ఊరిలో నాటుటకు తగిన చోటు మన బడియే.

బడిలో వైశాల్యము నేర్పుటలేదా అని సభ్యులు అడుగవచ్చును. నేర్పుచున్నారు. అయితే పుస్తకములోని దీర్ఘచతురస్రమునకు పొడవు 8 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు అని ముందే అచ్చువేసి ఉండును. బాలుడు రెంటిని గుణించి 40 అని వ్రాయును; మార్కులు వచ్చును. అదే బాలుని బడి ఆవరణలోనికి తెచ్చి ‘ఈ ఆటస్థలము ఎన్ని సెంట్లు?’ అని అడిగినచో నిలిచిపోవును. ఆటస్థలము దీర్ఘచతురస్రము కాదు. దాని అంచులపై అంకెలు వ్రాసి ఉండవు. ఎక్కడ కొలువవలెనో, ఏది గుణింపవలెనో తానే తేల్చుకొనవలెను. పుస్తకపు లెక్కకును నేల లెక్కకును నడుమనున్న ఈ గండిని పూడ్చు విధానమును మేము ఈ వ్యాసములో పాఠముల వరుసగా వివరింపదలచినాము.

పంచాయతీకి ఇందులో పని ఏమి?

పాఠము చెప్పుట ఉపాధ్యాయుని పని గదా, పంచాయతీకి ఎందుకు అని కొందరికి తోచవచ్చును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టములోని 58వ సెక్షను ప్రకారము పశువుల మేతబయళ్ళు, కళ్ళములు, శ్మశానములు, పశువుల నిలుపుచోట్లు, తోపులు మున్నగు పోరంబోకులు, ప్రభుత్వమునకు ప్రత్యేకావసరము లేనివి, గ్రామపంచాయతీకి సంక్రమించును. అనగా ఆ నేలలకు కాపరి పంచాయతీయే. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూములలోని అక్రమ ఆక్రమణలను తొలగించి వానిని ఊరి ఉపయోగమునకు తిరిగి అప్పగించుటకు పథకములు రూపొందింపవలసినదని రాష్ట్ర ప్రభుత్వములన్నింటిని ఆదేశించెను.

కాపరికి తన మందలో ఎన్ని తలలున్నవో తెలియవలెను. ఉమ్మడి నేల ఒక్కసారిగా మాయము కాదు. ఏటా ఒక చాలు లోపలికి జరుగును. గట్టు ఒక మూర ఇవతలికి వచ్చును. కంటికి కనబడని ఈ తరుగును కొలత మాత్రమే పట్టి చూపగలదు. అందులోను సరియైన కొలత మాత్రమే పట్టగలదు. తప్పు కొలత తరుగును కప్పిపుచ్చును. అది ఎట్లో ముందు చూపుదుము.

కొలువకముందు తెలియవలసిన మానములు

మన ప్రాంతములలో ఎకరము అందరికి తెలిసినదే. ఎకరమునకు 4,840 చదరపు గజములు, లేక 43,560 చదరపు అడుగులు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఎకరమును 100 సెంట్లుగా విభజింతురు; సెంటునకు 435.6 చదరపు అడుగులు. తెలంగాణలో ఎకరమునకు 40 గుంటలు. గుంటకు 1,089 చదరపు అడుగులు. ఒక గుంట రెండున్నర సెంట్లు.

ఈ అంకెలను బాలలచేత వల్లె వేయించినంత మాత్రమున లాభము లేదు. గుంట అనగా ప్రతి పక్కయు 33 అడుగులు గల చతురస్రము. బడి ఆవరణలో నాలుగు కొయ్యమేకులు పాతి, తాడు కట్టి, ఆ చతురస్రమును చూపవలెను. పిల్లలను అందులో నిలువబెట్టవలెను. గుంట నేల ఎంతయో వారి కాళ్ళకు తెలియవలెను. దాని ప్రక్కనే ప్రతి పక్కయు 10 మీటర్లు గల మరియొక చతురస్రము కట్టవలెను. అది 100 చదరపు మీటర్లు. దానికి ‘ఆరు’ అని పేరు. అట్టివి నూరు చేరినచో హెక్టారు, అనగా సుమారు 2.47 ఎకరములు. గుంట 101 చదరపు మీటర్లకు కొంచెము పైన; కావున ఈ రెండు చతురస్రములు కంటికి ఒకటిగానే తోచును. 1956 నాటి చట్టముతో మన దేశమున మెట్రిక్ మానములు వచ్చినను, ఊరి నోట ఎకరము, సెంటు, గుంట నిలిచియే యున్నవి. బాలలకు రెండును తెలిసి యుండుట అవసరము.

సర్వే గొలుసును గూర్చియు ఒక మాట. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అను గణితవేత్త 1620లో వివరించిన గొలుసు పొడవు 66 అడుగులు. దానికి 100 లింకులు. ఒక చదరపు గొలుసు 4,356 చదరపు అడుగులు, అనగా సరిగా 10 సెంట్లు, లేక 4 గుంటలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. గొలుసును, ఎకరమును ఇట్లు పదులతో ముడివేయుటవలననే పూర్వపు సర్వేదారులు పొలములోనే లెక్క తేల్చగలిగిరి.

మొదటి పాఠము: చుట్టుకొలత వేరు, వైశాల్యము వేరు

‘చుట్టు తిరిగి కొలిచితిమి, రెండు పొలములును సమానమే’ అను మాట పల్లెలలో వినబడుచుండును. ఇది తప్పని బాలలు తమ చేతులతోనే తెలిసికొనవలెను. 40 మీటర్ల తాడు తీసికొని కొనలు ముడివేయవలెను. నలుగురు పిల్లలు నాలుగు మూలలయందు నిలిచి తాడును చతురస్రముగా లాగినచో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వైశాల్యము 100 చదరపు మీటర్లు. అదే తాడును 15 మీటర్లు, 5 మీటర్లుగా లాగినచో 75 చదరపు మీటర్లు. 18 మీటర్లు, 2 మీటర్లుగా లాగినచో 36 మాత్రమే. తాడు మారలేదు, చుట్టుకొలత మారలేదు, లోపలి నేల మూడవ వంతునకు దగ్గరగా తగ్గిపోయినది. ఒకసారి తాడు పట్టిన పిల్లవాడు దీనిని మరువడు.

రెండవ పాఠము: వాలిపోయిన చట్రము

ఒక్కొక్కటి మీటరు పొడవుగల నాలుగు వెదురు బద్దలను మూలలయందు వదులుగా మేకులు కొట్టి చట్రముగా కట్టవలెను. దానిని చతురస్రముగా నేలపై పెట్టి, పది సెంటీమీటర్ల అట్టముక్కలతో లోపల పరచినచో సరిగా 100 ముక్కలు పట్టును. వైశాల్యము 10,000 చదరపు సెంటీమీటర్లు.

ఇప్పుడు చట్రమును ఒక ప్రక్కకు త్రోయవలెను. ఎదురుమూలల నడుమ దూరములు, అనగా కర్ణములు, ఒకటి 160 సెంటీమీటర్లు, రెండవది 120 సెంటీమీటర్లు అగునట్లు త్రోసినచో లోపలి వైశాల్యము 9,600 అగును. ఇంకను త్రోసి కర్ణములు 192, 56 అగునట్లు చేసినచో 5,376 మాత్రమే. ఇట్టి ఆకారమునకు రెండు కర్ణములను గుణించి సగము చేసినచో వైశాల్యము వచ్చును. బద్దల పొడవు ఎక్కడను మారలేదు. ప్రతి పక్కయు మీటరే. అయినను సగము నేల దాదాపుగా పోయినది.

ఈ ఆట ఎందుకనగా, నాలుగు పక్కలు కొలిచినంత మాత్రమున నాలుగు మూలల పొలము వైశాల్యము తెలియదు అను సత్యము ఇందులో ఉన్నది. మూలలు ఎంత వాలినవో కూడ తెలియవలెను. అందులకు కర్ణము కొలువక తప్పదు.

మూడవ పాఠము: త్రిభుజమే మూలము

దీర్ఘచతురస్రపు కాగితమును ఎదురుమూలలు కలిపి కత్తిరించినచో రెండు సమాన త్రిభుజములు వచ్చును. కావున త్రిభుజము వైశాల్యము, దాని అడుగుభుజమును ఎత్తుతో గుణించి సగము చేసినంత. ఇది ఆర్యభటుడు క్రీ.శ. 499లో తన గ్రంథమున చెప్పిన సూత్రమే. ఎట్టి త్రిభుజమునకైనను ఇది వర్తించును. అయితే ఎత్తు అనగా ఏటవాలు పక్క కాదు. పై మూలనుండి అడుగుభుజముపై నిటారుగా పడు దూరము, అనగా లంబము.

నేలపై లంబమును కనుగొనుట ఎట్లు? అడుగుభుజము వెంట తాడు బిగించి, టేపు మొదలును పై మూలయందు ఒకరు పట్టుకొని, రెండవ కొనను మరియొకరు ఆ తాడు వెంట నడిపించవలెను. టేపుపై అంకె తగ్గుచు తగ్గుచు వచ్చి మరల పెరుగ మొదలిడును. అన్నిటికంటె తక్కువ అంకె వచ్చిన చోటే లంబపు పాదము. ఆ అంకెయే ఎత్తు. ఖరీదైన పరికరము ఏదియు అక్కరలేదు.

సరిచూచుకొనుటకు పన్నెండు సమభాగములుగా ముడులు వేసిన తాడు చాలును. మూడు భాగములు, నాలుగు భాగములు, ఐదు భాగములు పక్కలుగా బిగించినచో మూడుకును నాలుగుకును నడుమ సరియైన లంబకోణము వచ్చును. మన పూర్వులు యజ్ఞవేదికలను తాళ్ళతోనే కొలిచి కట్టిరి. శుల్బసూత్రములు అను పేరులోని శుల్బము అనగా తాడు అనియే అర్థము.

ఆటస్థలములో 66 అడుగుల అడుగుభుజము, 33 అడుగుల ఎత్తు గల త్రిభుజము కట్టించి లెక్క వేయింపవలెను. సగము చేసినచో 1,089 చదరపు అడుగులు, అనగా సరిగా గుంట. మొన్న చతురస్రముగా చూచిన గుంటయే నేడు త్రిభుజముగా కనబడుట చూచి పిల్లలు సంతోషింతురు.

నాలుగవ పాఠము: వంకర పొలము

నాలుగు మూలల పొలమును ఎదురుమూలల గుండా తాడు పట్టి రెండు త్రిభుజములుగా చీల్చవలెను. రెంటికిని అడుగుభుజము ఆ కర్ణమే. కర్ణమును కొలిచి, దానిపై ఇరువైపుల మూలలనుండి రెండు లంబములు తీసి, వానిని కూడి, కర్ణముతో గుణించి, సగము చేసినచో మొత్తము వైశాల్యము వచ్చును.

ఒక ఉదాహరణము చూతము. ఒక ఊరి మేతబయలు నాలుగు పక్కలు వరుసగా 195, 225, 100, 170 అడుగులు అనుకొందము. మొదటి రెండు పక్కలను ఒక వైపునను, తక్కిన రెంటిని రెండవ వైపునను విడదీయు కర్ణము 210 అడుగులు. దానిపై లంబములు ఒక వైపున 180, రెండవ వైపున 80 అడుగులు. లంబముల మొత్తము 260. దీనిని 210తో గుణించినచో 54,600; సగము 27,300 చదరపు అడుగులు. అనగా 62.67 సెంట్లు.

ఇప్పుడు పల్లెలలో తరచుగా చేయు లెక్క చూతము. ఎదురెదురు పక్కలను కూడి సగము చేయుట, ఆ రెండు సగములను గుణించుట వాడుకలో నున్నది. 195, 100 కూడి సగము 147.5. 225, 170 కూడి సగము 197.5. రెంటిని గుణించినచో 29,131 చదరపు అడుగులకు కొంచెము పైన, అనగా 66.88 సెంట్లు. నిజమునకు ఇది 4.2 సెంట్లు ఎక్కువ.

ఈ వాడుక లెక్క నేటిది కాదు. ఈజిప్టు దేశమున ఎడ్ఫు దేవాలయపు గోడలపై చెక్కిన పొలముల లెక్కలు ఈ విధముగనే కట్టబడినవి. మన బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో దీనిని చెప్పుచునే ఇది స్థూలఫలమని స్పష్టము చేసి, సూక్ష్మఫలమునకు వేరు సూత్రము ఇచ్చెను. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడును క్షేత్రఫలమును వ్యావహారికము, సూక్ష్మము అని రెండు తెగలుగా విడదీసెను. ఆయన గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. స్థూలమేదియో సూక్ష్మమేదియో పండితులు నాడే వేరుచేసి చూపిరి. వాడుకలో మాత్రము స్థూలమే నిలిచినది.

బాలలకును పెద్దలకును తెలియవలసిన ముఖ్యాంశము మరియొకటి. ఈ స్థూల లెక్క ఎప్పుడును తక్కువ చూపదు. పొలము సరియైన దీర్ఘచతురస్రమైనచో సరిపోవును; ఏమాత్రము వాలినను, వంకర తిరిగినను ఎక్కువయే చూపును. వాలు పెరిగినకొలది తప్పు పెరుగును.

ఆ నాలుగు సెంట్లు ఎక్కడికి పోయినవి?

పై ఉదాహరణములోని మేతబయలు దస్త్రములో 67 సెంట్లుగా వ్రాసియున్నదనుకొందము. పెద్దలు టేపు పట్టుకొని పోయి, నాలుగు పక్కలు కొలిచి, స్థూల లెక్క వేసిరి. 66.88 వచ్చినది. ‘సరిపోయినది, ఒక్క అడుగైనను పోలేదు’ అని తీర్మానము వ్రాసికొనిరి. కాని అక్కడ ఉన్నది 62.67 సెంట్లు మాత్రమే. నాలుగు సెంట్లకు పైగా ఉమ్మడి నేల ఎవరి గట్టు లోపలనో ఉన్నది. తీర్మానపు పుస్తకము మాత్రము అంతయు సవ్యముగా ఉన్నదని సాక్ష్యము పలుకుచున్నది. కొలువకుండుటకంటె తప్పుగా కొలుచుట ఎక్కువ హాని అనుట ఇందువలననే. కొలువనివాడు అనుమానముతోనైనను ఉండును. తప్పుగా కొలిచినవాడు నిశ్చింతగా నిద్రపోవును.

కొనుగోలులోను ఇదే జరుగును. స్థూల లెక్కతో నేల కొన్న పేదవాడు 66.88 సెంట్లకు సొమ్ము చెల్లించి 62.67 సెంట్లు పొందును. అమ్మినవాడు మోసగాడే కానక్కరలేదు. ఆతడును ఆ లెక్కనే నమ్మియుండవచ్చును. కావున ఈ పాఠము బడిలో మార్కుల కొరకు మాత్రమే కాదు.

ఐదవ పాఠము: వంకర అంచు, గుండ్రని కళ్ళము

చెరువు అంచు, వాగు ఒడ్డు తిన్నగా ఉండవు. అట్టిచోట అంచునకు దగ్గరగా ఒక తిన్నని తాడు బిగించి, దానిపై సమదూరములలో గుర్తులు పెట్టి, ప్రతి గుర్తునొద్దనుండి అంచు వరకు లంబము కొలువవలెను. తాడు 120 అడుగులు, గుర్తులు ఇరువది అడుగుల కొకటి, లంబములు వరుసగా 0, 18, 30, 36, 32, 20, 0 అడుగులు వచ్చినవనుకొందము. మొదటి, చివరి లంబములను సగము చేసి, తక్కినవానితో కూడి, గుర్తుల నడిమి దూరముతో గుణింపవలెను. ఇచ్చట చివరివి రెండును సున్నలే, మొత్తము 136. దానిని 20తో గుణించినచో 2,720 చదరపు అడుగులు, అనగా సుమారు రెండున్నర గుంటలు. అంచు వెలుపలికి ఉబ్బియున్నచోట ఈ లెక్క నిజమునకు స్వల్పముగా తక్కువ చూపును. గుర్తులను దగ్గర దగ్గరగా పెట్టినకొలది ఆ తేడా తగ్గును.

గుండ్రని కళ్ళమునకు ఆర్యభటుని సూత్రమే సులభము: చుట్టుకొలతలో సగమును, నడిమి అడ్డకొలతలో సగముతో గుణించుట. అడ్డకొలత 42 అడుగులు, చుట్టుకొలత 132 అడుగులు అయినచో, 66ను 21తో గుణించగా 1,386 చదరపు అడుగులు. మూడు సెంట్లకు కొంచెము పైన.

ఆరవ పాఠము: కాగితముపై నేల

కొలిచిన నేలను కాగితముపై దింపుట చివరి పాఠము. మన మేతబయలునకు ఒక సెంటీమీటరునకు 20 అడుగులు అని పెట్టుకొన్నచో కర్ణము 10.5 సెంటీమీటర్లు, లంబములు 9, 4 సెంటీమీటర్లు అగును. గడుల కాగితముపై ఒక్కొక్క చదరపు సెంటీమీటరు 400 చదరపు అడుగులకు గుర్తు. లోపలి నిండు గడులను లెక్కించి, సగమునకు మించిన గడిని ఒకటిగా పట్టి, సగమునకు తక్కువైనదానిని వదలినచో 68కి దగ్గరగా వచ్చును. సరియైన లెక్క 68.25. ఇట్లు గుణకారము చేసిన ఫలమును గడులు సరిచూపును. రెండు దారులలో పోయి ఒకే ఊరు చేరినప్పుడు బాలునకు తన లెక్కపై నమ్మకము కలుగును.

ఈ పాఠము నేర్చినవానికి సర్వేశాఖవారి క్షేత్రపటము కూడ అర్థమగును. ఆంధ్ర జిల్లాలలో ఎఫ్.ఎం.బి. అనియు, తెలంగాణలో టిప్పన్ అనియు పిలుచు పటములలో పొలము గుండా పోవు గీతలు, వానినుండి పక్కలకు తీసిన కొలతలు ఇట్టివే. నేటి వరకు సభ్యులకు అవి గజిబిజి గీతలుగా కనబడియుండవచ్చును. పిల్లలతోపాటు ఒక పూట తాడు పట్టినచో ఆ గీతలు మాటలాడును.

యంత్రములున్న కాలములో ఇది ఎందుకు?

2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినమున, కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించినది. గ్రామములలోని నివాస స్థలములను డ్రోనులతో పటములుగా తీయుట దాని పని. ఆంధ్రప్రదేశ్‌లో భూముల పునఃసర్వే 2020 డిసెంబరులో మొదలైనది. చేతిలోని ఫోనుకూడ పొలము చుట్టు నడిచినచో వైశాల్యము చూపుచున్నది. ఇట్టి కాలములో తాళ్ళతో కొలుచుట వృథాశ్రమ అని కొందరనవచ్చును.

ఫోను చూపు స్థానము కొన్ని మీటర్లు అటు ఇటు ఉండవచ్చును. పది ఎకరముల చెలకలో ఆ తేడా లెక్కకు రాదు. కాని గుంట నేలకు ప్రతి పక్కయు పది మీటర్లే. అక్కడ రెండు మీటర్ల తేడా మొత్తము లెక్కనే తారుమారు చేయును. సర్వేశాఖవారి పరికరములు ఇంతకంటె ఎంతో సూక్ష్మమైనవే. అయినను అవి ఇచ్చు అంకెను చదివి, తమ నేలతో పోల్చి, తేడా ఉన్నచో గడువులోపల అడుగవలసినది ఊరివారే. అడుగుటకు తెలిసియుండవలెను.

కొన్ని జాగ్రత్తలు

ప్రతి కొలతను రెండు జట్లు వేరువేరుగా తీయవలెను. తేడా వచ్చినచో మరల కొలువవలెను. మన ఉదాహరణములో కర్ణము ఒక్క అడుగు తప్పినను 130 చదరపు అడుగులు తేడా వచ్చును. వీలైనచోట రెండవ కర్ణముతో కూడ కొలిచి, రెండు ఫలములు కలియుచున్నవో లేవో చూడవలెను. సాగు తాడును వాడరాదు. నేల వాలుగా నున్నచోట టేపును వాలు వెంట కాక సమమట్టముగా పట్టవలెను. గజమునకు మూడడుగులు గనుక చదరపు గజమునకు మూడు చదరపు అడుగులని పిల్లలు పొరబడుట కద్దు. అవి తొమ్మిది అని గీచి చూపవలెను. కొలువకముందు ‘ఎంత ఉండును?’ అని ప్రతివానిచే అంచనా వ్రాయించుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త మరియొకటి. తగవులో నున్న నేలకు పిల్లలను కొనిపోరాదు. వారి కొలతను ఏ పక్షమునకును సాక్ష్యముగా వాడరాదు. వారికి నేర్పుటకు బడి ఆవరణ, పంచాయతీ స్థలము, కళ్ళము చాలును. నీరున్న చెరువునకు, ఒరలేని బావులకు దూరముగా, ఎండ ముదురకముందే పాఠము ముగియవలెను. తాడు పట్టుట మగపిల్లలకు, లెక్క వ్రాయుట ఆడపిల్లలకు అను విభజన చేయక అందరిచేతను అన్నియు చేయింపవలెను. రేపు నేల అమ్మవలసినను, పంచుకొనవలసినను, కాపాడుకొనవలసినను ఇరువురికిని ఈ తెలివి సమానముగా కావలెను.

సభ్యులు చేయదగినవి

ఇందులకు పెద్ద వ్యయము లేదు. ముప్పది మీటర్ల టేపు ఒకటి, గట్టి తాళ్ళు, పాతిక కొయ్యమేకులు, నాలుగు వెదురు బద్దలు, గడుల కాగితములు పంచాయతీ సమకూర్పవచ్చును. ప్రధానోపాధ్యాయునితో మాటలాడి, పంట కోతలైన పిమ్మట నేల ఖాళీగా నుండు రోజులలో ఆరు ఉదయములు ఈ పాఠములకు కేటాయింపవచ్చును. మండల సర్వేయరును ఒకనాడు ఆహ్వానించి క్షేత్రపటమును పిల్లలకు చూపుమని కోరవచ్చును. సభ్యులు తామును వచ్చి తాడు ఒక కొన పట్టుకొన్నచో పిల్లలకు అంతకు మించిన ప్రోత్సాహము వేరు లేదు.

అటుపిమ్మట పంచాయతీకి సంక్రమించిన ప్రతి ఉమ్మడి స్థలము యొక్క సర్వే నెంబరు, దస్త్రము ప్రకారము విస్తీర్ణము, హద్దురాళ్ళ సంఖ్య ఒక పుస్తకములో వ్రాయించవలెను. సభ్యులే ఆ స్థలములను కర్ణము, లంబముల పద్ధతిని కొలిచి, ఆ అంకెను ప్రక్కన చేర్చవలెను. ఈ కొలతకు చట్టబలము లేదు. హద్దు తేల్చవలసినవారు సర్వే అధికారులే. అయితే దస్త్రమునకును నేలకును తేడా కనబడినచో వారికి దరఖాస్తు పెట్టుటకు గట్టి ఆధారము దొరకును. ఏటేట అదే కొలత తీసినచో ఏ ప్రక్కనుండి నేల తరుగుచున్నదో మొదటి మూర పోయినప్పుడే తెలియును; నాలుగు సెంట్లు పోవు వరకు ఆగనక్కరలేదు.

నేడు ఆటస్థలములో మేకులు పాతుచున్న బాలబాలికలు పది పదునైదేండ్లలో ఈ గ్రామసభలోనే కూర్చుందురు. అప్పుడు ‘మా లెక్క ప్రకారము సరిగానే ఉన్నది’ అని ఎవరైన అనినచో, ‘కర్ణము ఎంత? లంబములెంత?’ అని వారు అడుగుదురు. ఆ రెండు ప్రశ్నలు అడుగు సభలో ఉమ్మడి నేల సులభముగా పోదు. అట్టి సభను తయారుచేయుట నేటి సభ్యుల చేతిలో నున్నది. వచ్చు సమావేశములోనే ఈ విషయమును చర్చకు పెట్టుదురని మేము ఆశించుచున్నాము.